కెప్టెన్ గారి చేతులు

సర్వేయరు చిత్రకారిణి ఇంటి మెట్లెక్కేసరికి రెండూ పది. ఐదింటికి రోలర్ తాతను మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఆ తర్వాత ఎవరేం తెలుసుకున్నా తాత జైల్లో కూర్చునే వినాలి.

ఆయన సర్వే ఉద్యోగం మానేసి తొమ్మిదేళ్ళయింది. జరిగిన హద్దురాయి మొదట ఎక్కడుండేదో పట్టుకోవడంలో పేరు పడ్డ మనిషి. అదే చూపుతో ప్రైవేటు డిటెక్టివ్ పనిలో దిగాడు. పని మారినా పిలుపు మారలేదు, ఇప్పటికీ అందరికీ సర్వేయరు గారే. మాటలు మాత్రం అప్పుడూ ఇప్పుడూ తక్కువే.

కేసు పైకి చూడ్డానికి చిక్కు లేనిది. గురువారం నాడు క్రికెట్ క్లబ్బు సెక్రటరీని పెవిలియన్ సామాన్ల గదిలో ఎవరో తలమీద కొట్టి చంపారు. కొట్టింది పిచ్ మీద తిప్పే రోలర్ తాలూకు ఇనప చీలతో. ఆ రోలర్ను ముప్ఫై ఐదేళ్ళుగా లాగుతున్న మనిషినే ఊరంతా రోలర్ తాత అంటుంది. ఖాకీ చొక్కా, గడ్డి టోపీ వేసుకున్న మనిషి పదకొండూ ఇరవైకి ఆ గదిలోకి వెళ్ళడం, పదకొండున్నరకి బయటికి రావడం స్కోరరు మైదానం అవతలి నుంచి చూశాడు. ఆ వేషం తాతది. తాత చొక్కా చేతి అంచున నెత్తురు మరక కూడా దొరికింది. మైదానం మూలనున్న గది ఖాళీ చెయ్యమని సెక్రటరీ ఆ వారంలోనే తాతకు నోటీసు ఇచ్చాడు. పోనీ, ఆ పొద్దున ఎక్కడున్నావయ్యా అంటే తాత నోరు విప్పడు.

నోరు విప్పింది ఆయన భార్య. నిన్న సాయంత్రం సర్వేయరు ఇంటిముందు మెట్టు మీద కూర్చుని చెప్పింది.

"అన్నయ్యా, గురువారం ఒంటిగంట దాటాక ఇంటికొచ్చాడు. తల నున్నగా దువ్వుకునున్నాడు, పెళ్ళికొడుకులాగా. చేతులు చూస్తే తలుపులకి రంగేసేవాళ్ళ వాసన. ఏంటయ్యా ఈ సోకు అంటే సిగ్గుపడి నవ్వాడు. మనిషిని చంపొచ్చినవాడు సిగ్గుపడతాడా అన్నయ్యా?"

సర్వేయరు ఇవాళ పొద్దున్నే మైదానం చుట్టూ తిరిగి చూశాడు. కంచెకి గానీ, స్తంభాలకి గానీ, సైట్ స్క్రీన్‌కి గానీ కొత్త రంగు ఎక్కడా తగల్లేదు. క్లబ్బుకు సంబంధించి రంగు వాసనున్న చోటు ఇంకొక్కటే ఉంది. అది పెవిలియన్‌లో పెట్టడానికి క్రికెట్ కెప్టెన్ గారి నిలువెత్తు బొమ్మ తయారవుతున్న ఈ గది.

"ఐదు నిమిషాలే. వెలుతురు పోతుంది," అంది చిత్రకారిణి, తలుపు తీస్తూనే. యాభై దాటిన మనిషి. కళ్ళజోడు నుదుటి మీద, ఇంకో కళ్ళజోడు మెడలో.

గది మధ్య స్టాండు మీద కాన్వాసు ఉంది. అందులో కెప్టెన్. తెల్ల దుస్తులు, క్లబ్బు చారల స్వెటరు, చేతుల్లో బ్యాటు, బంతి కోసం కొద్దిగా ముందుకు వంగిన నడుము. తొమ్మిది గంటలు క్రీజు వదలకుండా నిలబడి, చేజారిపోయిన మ్యాచ్‌ను కాపాడిన మనిషి. ప్రతి మంగలి షాపులోనూ అద్దం పక్కన ఉండే ఆ మొహాన్ని ఈవిడ అచ్చుగుద్దినట్టు దించింది. పెదవి చివర్న ఆ చిన్న నవ్వు కూడా ఉంది.

"బాగుంది," అన్నాడు సర్వేయరు. ఆయన నోట ఆ మాట వినాలంటే ఆరు నెలలు పడుతుందని ఆవిడకు తెలీదు.

"బాగుండటం కాదు, నిజంగా ఉండాలి. కంటికి కనిపించిందే వేస్తాను నేను. ఊహించి ఒక్క గోరు కూడా వెయ్యను."

"గురువారం కెప్టెన్ గారు ఇక్కడే ఉన్నారన్నారు పోలీసులతో."

"ఉన్నారు. పదింటికొచ్చారు, ఒంటిగంటకి వెళ్ళారు. ఎన్నిసార్లు చెప్పించుకుంటారు?"

"సెక్రటరీ ఎప్పుడైనా వచ్చాడా ఇక్కడికి?"

"సోమవారం వచ్చాడు. ఆ కుర్చీలోనే కూర్చున్నాడు, టోపీ కూడా తియ్యలేదు. 'ఈ బొమ్మ పెవిలియన్‌లో వేలాడదు, ఎందుకు వేలాడదో శుక్రవారం మీటింగులో అందరికీ చెప్తాను' అన్నాడు. నా ప్రాణం ఉసూరుమంది, నాలుగు నెలల పని కదా! కెప్టెన్ గారు మాత్రం తొణకలేదు. టీ ఇమ్మన్నారు."

"ఇది పోలీసులకు చెప్పారా?"

"అడిగితే కదా! వాళ్ళడిగింది కెప్టెన్ ఇక్కడున్నారా లేదా అని. అంతే."

సర్వేయరు బొమ్మకు దగ్గరగా జరిగి వేలి వెనకవైపుతో అంచులు తాకి చూశాడు. మొహం దగ్గర రంగు పూర్తిగా ఆరింది. స్వెటరు దగ్గర కాస్త మెత్తగా ఉంది. చేతుల దగ్గరకొచ్చేసరికి వేలికి అంటుకుంది.

"ముట్టుకోకండి బాబూ! నూనె రంగులు. చేతులు వేసి రెండ్రోజులే అయింది," అంటూ ఆవిడ ఒక గుడ్డముక్క టర్పెంటైన్‌లో ముంచి ఇచ్చింది. సర్వేయరు వేలు తుడుచుకుని వాసన చూశాడు. తలుపులకి రంగేసేవాళ్ళ వాసన.

"అంటే గురువారం వేశారు."

"ఆ గోడ మీద క్యాలెండరు చూడండి. ఏ రోజు ఏం వేశానో రాసుకుంటాను. గురువారం చేతులు. పదీ పావుకి మొదలెట్టా, పన్నెండూ ముప్పావుకి కుంచె దించా. మధ్యలో పదకొండున్నరకి పది నిమిషాలు ఆగాం."

సర్వేయరు ఆ చేతుల ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఆయన సర్వే గొలుసు లాగినవాళ్ళను, పార పట్టినవాళ్ళను, కలం పట్టినవాళ్ళను చూసి చూసి ఉన్నాడు. పని మనిషి చేతులకు ఒక పట్టు నేర్పుతుంది, అది చచ్చేదాకా పోదు. కుడిచేతి వాటం బ్యాట్స్‌మన్ ఎడమచెయ్యి పైన, కుడిచెయ్యి కింద పెట్టి, రెండూ ఆనించి పట్టుకుంటాడు. ఈ బొమ్మలో కుడిచెయ్యి పైనుంది. రెండు చేతుల మధ్య జానెడు ఎడముంది. బొటనవేళ్ళు రెండూ పిడి వెంట నిటారుగా ఉన్నాయి. బరువు లాగే మనిషి, నేల చదును చేసే మనిషి కర్ర పట్టుకునే తీరు అది. ఇరవై ఏళ్ళు బ్యాటే బతుకైన కెప్టెన్ నిద్రలో కూడా అలా పట్టుకోడు.

ఎడమ బొటనవేలి గోరు మధ్యకు చీలి, రెండు పలకలుగా పెరిగింది. ఊహించి ఒక్క గోరూ వెయ్యనన్న మనిషి ఆ చీలికను కూడా వదల్లేదు. అదే గోరును సర్వేయరు ఇవాళ తొమ్మిదింటికి లాకప్ ఊచల మీద చూశాడు.

"ఈ చేతులకి నిలబడింది ఎవరమ్మా?" అన్నాడు నెమ్మదిగా.

ఆవిడ కుంచె కడగడంలో పడిపోయింది. "మా పనిలో ఇది మామూలేనండీ. మొహానికే అసలు మనిషి కావాలి. బట్టలకీ చేతులకీ అదే ఒడ్డూ పొడుగూ ఉన్న మరో మనిషిని నిలబెడతాం. పెద్దవాళ్ళు గంటలకొద్దీ ఎక్కడ నిలబడతారు? కెప్టెన్ గారికి నడుంనొప్పి. ఆయనే ఒకతన్ని వెంటబెట్టుకొచ్చారు. క్లబ్బువాళ్ళకి తెలిస్తే నవ్వుతారు, ఎవరితో అనొద్దన్నారు."

"ఎవరతను?"

"పేరడగలేదు. నాతో నాలుగు మాటలు కూడా మాట్లాడలేదు. పక్క గది తలుపుని ఆనుకున్న ఆ తెర వెనక బట్టలు మార్చుకుని, కెప్టెన్ గారి తెల్ల దుస్తులేసుకుని నిలబడ్డాడు. కదలమంటే తప్ప కదలడు. అలాంటి మనిషి దొరకడం నా అదృష్టం! వేళ్ళెక్కడుండాలో రంగుతో గుర్తులు పెట్టి, అయ్యాక అతని చేతులు నేనే టర్పెంటైన్‌తో తుడిచాను."

"పేపర్లో ఫొటోలు చూశారా, నిన్నటివి?"

"పేపరు నేను కుంచెలు తుడవడానికే కొంటాను."

సర్వేయరు తల ఊపాడు. "అతను నిలబడి ఉన్నంతసేపూ కెప్టెన్ గారు ఎక్కడున్నారు?"

"పక్క గదిలో పడుకున్నారు. తలుపేసుకుని రేడియో పెట్టుకున్నారు."

"మీరు చూశారా పడుకోవడం?"

"పెద్దమనిషి పడుకుంటే తొంగి చూస్తామా ఏంటి! రేడియో మోగుతూనే ఉందిగా. వార్తలొచ్చాయి, పాటలొచ్చాయి, ఆ తర్వాత ఎవడో అరగంట పైనే ఎరువుల గురించి చెప్పాడు."

"కెప్టెన్ గారికి ఎరువుల మీద అంత ఆసక్తి ఉందని నాకు తెలీదు," అన్నాడు సర్వేయరు.

ఆవిడకు నవ్వొచ్చింది గానీ, ఆయన నవ్వట్లేదని చూసి ఆగిపోయింది.

పక్క గదిలో ఒక మంచం, ఒక స్టూలు, స్టూలు మీద రేడియో. ఎదురుగా ఇంకో తలుపు. అది తీస్తే వెనక సందులోకి ఇనప మెట్లు. సర్వేయరు ఒక్క మెట్టు దిగి, వంగి చూసి, మళ్ళీ లోపలికొచ్చాడు.

ఈలోగా ముందు గదిలో బూట్ల చప్పుడైంది. ఇన్‌స్పెక్టరు వచ్చాడు. వచ్చినవాడు ఎవర్నీ పలకరించకుండా బొమ్మ ముందు టోపీ తీసి నిలబడ్డాడు.

"అబ్బ! ప్రాణం ఉన్నట్టుంది మేడమ్," అన్నాడు. తర్వాత సర్వేయరు వైపు తిరిగాడు. "ఏం బావా, మా అక్క నువ్వు చెప్పులు కుట్టించుకోడానికి వెళ్ళావంది. ఇక్కడ కుడుతున్నారా?"

ఇన్‌స్పెక్టరు సర్వేయరు భార్యకు సొంత తమ్ముడు. ఇంట్లో ఒకే బల్ల మీద తింటారు, బయట ఒకరి కేసులో ఒకరు వేలు పెడతారు. అందుకని ఇంట్లో కేసుల ఊసెత్తకూడదని ఆవిడ ఎప్పుడో చెప్పేసింది.

"సందులో మాట్లాడదాం, రా," అన్నాడు సర్వేయరు. వెళ్తూ చిత్రకారిణి వైపు తిరిగాడు. "నేనొచ్చేదాకా ఈ బొమ్మని ముట్టుకోకండి."

"ఎందుకండీ?"

ఇక్కడే సర్వేయరు ఒక పొరపాటు చేశాడు. ఆ చేతులు ఎవరివో, ఆ మనిషి ఇప్పుడు ఎక్కడున్నాడో ఆవిడకు చెప్పలేదు. సాక్షికి ముందుగా నూరిపోశాడని రేపు ప్లీడరు అనకుండా, తాత నోటినుంచి విన్నాకే చెప్పాలనుకున్నాడు. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి నోటికొచ్చింది అన్నాడు.

"బ్యాట్స్‌మన్ బ్యాటు ఇలా పట్టుకోడమ్మా. చేతులు తప్పున్నాయి."

ఆవిడ మొహం పాలిపోయింది. "తప్పా?" అంది. నాలుగు నెలల్లో ఆ మాట ఆవిణ్ణి ఎవరూ అనలేదు.

వెనక మెట్లు దిగి ఇద్దరూ సందులో నడిచారు. సర్వేయరు వాచీ చూసుకుని అంగలు లెక్కపెడుతూనే జరిగింది చెప్పాడు. అంతా కలిపి పది వాక్యాలు. ఇన్‌స్పెక్టరు మధ్యలో ఆపలేదు గానీ, అయ్యాక చేతిలోని టోపీ తలమీద బోర్లించుకున్నాడు.

"అయితే ఐదింటికి మేజిస్ట్రేటు ముందు తాతకి బదులు ఆ బొమ్మని నిలబెట్టమంటావు. బావుంది బావా. 'అయ్యా, ఈ బొటనవేలిని విచారించండి' అంటాను. ఉద్యోగం పీకితే మీ ఇంట్లోనే ఉంటా, గది ఖాళీ చేయించు."

"నువ్వు కెప్టెన్ బొమ్మకి టోపీ తీశావు."

"తీస్తాను! పదేళ్ళప్పుడు ఆయన సంతకం కోసం రోజంతా ఎండలో నిలబడ్డాను. ఆయన నాకేసి చూసి చిన్న నవ్వు నవ్వాడు. అలాంటాయన ఇనప చీల పట్టుకుని..."

"నవ్వు సంగతి నాకు తెలీదు. ఆ చొక్కా నీ దగ్గరుంది కదా, నెత్తురు ఎక్కడుంది?"

"చేతి అంచున. మణికట్టు దగ్గర."

"తాత చొక్కా చేతులు ఎక్కడికి మడుస్తాడు?"

మైదానానికి వచ్చే పిల్లవాణ్ణి అడిగినా చెప్తాడు, తాత చేతులు ఎప్పుడూ మోచేతుల పైకే. ఎండ తగలక ఆ చొక్కా మడత లోపలి గుడ్డ ఇంకా కొత్త రంగులోనే ఉంది.

"మడత లోపలి అంచుకి నెత్తురెలా అంటింది? చేతులు మణికట్టు దాకా దించి వేసుకున్నవాడికే అంటుతుంది. ముంజేతులు కనపడితే గుర్తుపడతారని భయమున్నవాడికి."

"దించుకుని ఉండొచ్చు."

"ఉండొచ్చు. తాతనే అడుగుదాం."

పెవిలియన్ వెనక గేటు దగ్గర సర్వేయరు ఆగాడు. తొమ్మిది వందల అరవై అంగలు. పదకొండు నిమిషాలు. రానూపోనూ ఇరవై రెండు, లోపల పది. ఎరువుల మీద ఉపన్యాసం అవుతుండగానే వెళ్ళి రావచ్చు. ఇన్‌స్పెక్టరు తన వాచీ చూసుకుని రోడ్డు మీదికెళ్ళి జీపును పిలిచాడు.

స్టేషన్‌కి చేరేసరికి మూడూ నలభై. తాత లాకప్‌లో గోడకి ఆనుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టరు దూరంగా తలుపు దగ్గర నిలబడ్డాడు. సర్వేయరు ఊచల ఇవతల నేల మీదే చతికిలబడ్డాడు.

"నీ బొమ్మ చూసొచ్చాను తాతా. బాగా కుదిరింది."

తాత తలెత్తాడు.

"నువ్వు మాటిచ్చావు, చెప్పకు. నేను చెప్తాను, కాదంటే కాదను. గురువారం పదింటి నుంచి పన్నెండూ ముప్పావు దాకా కెప్టెన్ గారి బట్టలేసుకుని నిలబడ్డావు. ఆవిడ నీ బొటనవేలు ఉన్నదున్నట్టు దించింది. చీలిక కూడా."

తాత ఆ బొటనవేలిని చూసుకున్నాడు. రెండో చేత్తో మూసుకున్నాడు. తర్వాత తీసేశాడు.

"ముప్ఫై ఐదేళ్ళు పిచ్ చూశాను బాబూ," అన్నాడు. "బ్యాట్లు మోశాను, ఎండబెట్టాను. ఒక్కరోజు కూడా ఒకసారి పట్టుకో అని ఎవరూ అన్లేదు. కెప్టెన్ గారన్నారు. 'ఒరే, నా బ్యాటు పట్టుకుని నిలబడతావా' అని. నాకు ఉద్యోగం ఇప్పించింది ఆయనే. ఎలా కాదంటాను? దాన్నెలా పట్టుకోవాలో కూడా నాకు తెలీదు. ఆవిడకీ తెలీదు. ఇద్దరం కలిసి ఏదో తంటాలు పడ్డాం."

"నీ ఖాకీ చొక్కా?"

తాత తలుపు వైపు చూశాడు. తలుపు దగ్గర ఇన్‌స్పెక్టరు బూటు ఒకసారి కదిలింది.

"తెర వెనక మేకుకి తగిలించాను, టోపీ కూడా. మధ్యలో ఆగినప్పుడు మంచినీళ్ళకని అటెళ్ళాను. మేకు ఖాళీగా ఉంది. ఆవిడ సర్దేసి ఉంటుందిలే అనుకున్నాను. అయిపోయాక వెళ్తే మళ్ళీ అక్కడే ఉంది. చేతులు కిందికి దించున్నాయి. ఒక చెయ్యి తడిసుంది. కెప్టెన్ గారు వెనకే వచ్చి, 'కుళాయి నీళ్ళు పడ్డాయిరా, ఎవరడిగినా నువ్విక్కడికి రాలేదు' అన్నారు. నేను మళ్ళీ మడుచుకుని వేసుకున్నాను. మధ్యాహ్నం సెక్రటరీ గారి సంగతి తెలిసింది. అప్పట్నుంచి ఆయనే వచ్చి విడిపిస్తారనుకుంటున్నాను బాబూ. రెండ్రోజులుగా ఆ తలుపు వైపే చూస్తున్నాను."

ఇన్‌స్పెక్టరు దగ్గరకొచ్చాడు. అతని గొంతులో ఇందాకటి వెటకారం లేదు.

"బావా, ఆ మేడమ్ వాంగ్మూలం ఇస్తుందా?"

"ఇస్తుంది. అబద్ధం చెప్పడం ఆవిడకు చేతకాదు. ఆవిడ, ఆ బొమ్మ. తాతకున్న సాక్ష్యం ఆ రెండే."

"ఐదింటిలోపు ఇక్కడికి తెప్పిస్తాను. తలుపేసుకుని ఉండమని ముందు ఫోన్ చెయ్యి." నాలుగైంది. ఇన్‌స్పెక్టరే నంబరు తిప్పి రిసీవరు ఇచ్చాడు.

అవతల ఆరుసార్లు మోగాక ఎవరో ఎత్తారు. మగ గొంతు. నిదానంగా, ఎంతో మర్యాదగా ఉంది.

"చెప్పండి."

రేడియోలో, సన్మాన సభల్లో అందరూ విన్న గొంతే. సర్వేయరు చెయ్యెత్తి ఇన్‌స్పెక్టరును మాట్లాడొద్దన్నాడు.

"మేడమ్‌తో మాట్లాడాలండీ."

"ఆవిడ పనిలో ఉందయ్యా. పాపం, ఫోన్ చేసి ఒకటే గోల. ఎవరో పెద్దమనిషి వచ్చి చేతులు తప్పున్నాయన్నాడట. ఆవిడకి తప్పంటే నిద్ర పట్టదు. మళ్ళీ నిలబడతారా అని బతిమాలింది. నిజమే, నేనూ ఇప్పుడే చూశాను. చాలా తప్పున్నాయి." కెప్టెన్ చిన్నగా నవ్వాడు. "పాతవి తుడిపించేశాను. తడిగానే ఉన్నాయి, గుడ్డతో రెండుసార్లు రుద్దితే పోయాయి. ఈసారి నేనే నిలబడుతున్నా."

"ఆవిణ్ణి ఒక్కసారి పిలవండి."

"వెలుతురు పోతుందయ్యా. ఇవాళ్టితో పూర్తి చేసేస్తాం." ఒక క్షణం ఆగి, "ఆ పెద్దమనిషివి నువ్వేనా?" అని అడిగాడు. జవాబు కోసం చూడకుండానే ఫోన్ పెట్టేశాడు.

సర్వేయరు రిసీవరు దించాడు. చెప్పాల్సింది దాచి, దాచాల్సింది చెప్పినవాడు తనే. బొమ్మ సాక్ష్యం పోయింది. మిగిలింది ఆవిడ ఒక్కతే.

"అక్కడున్నాడు," అన్నాడు. "చేతులు తుడిపించేశాడు."

ఇన్‌స్పెక్టరు మేకు మీది జీపు తాళాలు లాక్కుని, ఇద్దరు కానిస్టేబుళ్ళను కేకేస్తూ బయటికి పరిగెత్తాడు. సర్వేయరు వెనకే కదులుతుంటే తాత ఊచలు పట్టుకుని లేచాడు.

"ఎవర్ని గురించి బాబూ? బొమ్మేసే అమ్మగారి దగ్గరున్నారా ఆయన, ఒక్కరే?"

"అవును. కంగారు పడకు. ఆవిడ ఏమీ చూడలేదు. నువ్వెవరో కూడా ఆవిడకు తెలీదు."

తాత తల అడ్డంగా ఊపాడు.

"నేను చొక్కా తొడుక్కునేప్పుడు ఆ అమ్మగారు అక్కడే ఉన్నారు బాబూ. చెయ్యి పట్టుకుని చూశారు. 'నీళ్ళయితే ఎర్రగా ఉందేమిటి, ఇది నా రంగు కాదే' అని కెప్టెన్ గారినే అడిగారు."